శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు - బొబ్బిలి యెన్నిక

ఉగాది సంచికకు ఏదైనా వ్యాసము వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు మమ్ము అడిగి నెల దాటినది. వ్రాసేది ఎవరి మనసూ నొప్పించనిదై ఉండాలని ఒక షరతు కూడ పెట్టారు. ఆ షరతు ఎందుకో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పోయిన యేడు కార్యవర్గ ఎన్నికలలో రెండు జట్లు నిలిచాయి. ఓట్ల లెక్క ముగిసిన రాత్రి మొదలు, ఒకే క్వార్టర్ల వరుసలో కాపురమున్నవారు కొందరు ఇప్పటికీ ఒకరినొకరు పలుకరించుకొనుట లేదు. ఇట్టి సమయములో మేము ఎన్నికలను గూర్చియే వ్రాయపూనుట సాహసము కావచ్చు. కాని పెద్ద యెన్నిక ఒకదాని సంగతి చదివితే మన యెన్నిక యెంత చిన్నదో తెలియునని మా ఆశ. పైగా ఆ యెన్నికలో గెలిచినవారు మన ఒడిషాలో పుట్టిన తెలుగువారు. మన రైల్వేవారికి నాయకులు. మేము మెట్రిక్కు మాత్రమే చదివిన గుమాస్తాలము. భాషలో తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

శ్రీ వరాహగిరి వెంకటగిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లా బరంపురములో జన్మించారు. వారి పూర్వులు గోదావరి జిల్లా చింతలపల్లివారు. బతుకుతెరువుకై ఉత్తరమునకు వచ్చి బరంపురములో స్థిరపడ్డారు. అనగా గిరిగారిది కూడ మన వంటి వలస కుటుంబమే. ఐతే ఆనాడు బరంపురము మద్రాసు రాజధానిలోనిది గనుక వారు పొరుగు రాష్ట్రమునకు వచ్చినట్లు కాదు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుమోసిన ప్లీడరు, కాంగ్రెసువాది, తరువాత ఢిల్లీ శాసనసభలో సభ్యులు కూడ. తల్లి సుభద్రమ్మగారు. ఇంటిలో రాజకీయములకు కొదవ లేదు.

1913లో గిరిగారు లా చదువుటకు ఐర్లండు వెళ్లారు. అందరూ లండను పోవు కాలములో వీరు డబ్లిను నగరమును ఎన్నుకొన్నారు. ఆ దేశము కూడ ఇంగ్లీషువారి క్రింద నలుగుచుండినది. 1916 ఈస్టరు తిరుగుబాటు తరువాత, తిరుగుబాటుదారులతో సంబంధమున్నదన్న అనుమానముపై వీరిని దేశము విడిచి పొమ్మన్నారు. బారిష్టరుగా బరంపురము చేరి కొంతకాలము కోర్టుకు వెళ్లారు. 1920లో గాంధీగారి సహాయ నిరాకరణోద్యమము వచ్చినది. బాగా సాగుచున్న ప్రాక్టీసు వదలివేశారు. 1922లో కల్లు, సారా దుకాణముల వద్ద పికెటింగు చేసి జైలుకు పోయారు.

ఇక మన సంగతికి వస్తాము. బెంగాలు నాగపూరు రైల్వే అని మన పెద్దలు చెప్పుకొనే బి.ఎన్.ఆర్. కంపెనీ ఆనాడు కలకత్తా నుండి ఒక వంక నాగపూరు వరకు, మరొక వంక కటకము, ఖుర్దారోడ్డు, బరంపురము మీదుగా వాల్తేరు వరకు ఉండినది. ఖర్గపూరు కార్ఖానాలో పనిచేసేవారిలో విశాఖ, శ్రీకాకుళము ప్రాంతపు తెలుగువారు వేల సంఖ్యలో ఉండేవారు. మా ముత్తాతగారు అక్కడ ఫిట్టరు. చాలని జీతము, తెల్లవానికొక న్యాయము, నల్లవానికొక న్యాయము, ఎప్పుడు తీసివేస్తారో తెలియని ఉద్యోగము, ఇదీ స్థితి. గిరిగారు ఈ కార్మికులను కూడగట్టి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘమును నిలబెట్టారు. అఖిలభారత రైల్వే కార్మిక ఫెడరేషను స్థాపకులలో వారు ఒకరు. దానికి చాలా కాలము ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు.

1927లో కంపెనీవారు ఖర్గపూరులో రిట్రెంచిమెంటు పేరుతో మనుషులను తీసివేయబోగా పెద్ద అలజడి జరిగినది. కార్ఖానా మూతపడినది. నెలల తరబడి జీతములు లేవు. అన్ని కుటుంబములకు తిండి ఎక్కడినుండి తేవలెను? కొందరు ఊళ్లకు పోయారు, కొందరు అప్పులు చేశారు. చేతులలో సుత్తులున్న మనుషులచేత రాయి కూడ విసరనీయకుండ సమ్మె నడపుట మాటలు కాదు. గిరిగారు దానిని శాంతియుతముగా నడపి, తీసివేయబడినవారి పక్షమున కంపెనీ మెడలు వంచారని పేరు తెచ్చుకొన్నారు. మా ముత్తాతగారు ఆ తరువాత ఎన్నడూ గిరి అని ఒట్టి పేరు పలుకలేదట. ఇంటిలో పిల్లలు గారు చేర్చకుండ అంటే ఊరుకొనేవారు కారట. ఆ యేడే గిరిగారు కార్మిక ప్రతినిధిగా జినీవా అంతర్జాతీయ సభకు వెళ్లారు. 1931లో లండను రెండవ రౌండు టేబులు సమావేశములో కార్మికుల తరఫున కూర్చున్నారు. 1934 నుండి ఢిల్లీ శాసనసభలో కార్మికుల గొంతు వీరిదే.

1935లో ఇంగ్లండు పార్లమెంటు ఇండియా చట్టము చేసినది. రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వము పోయి, మంత్రులు శాసనసభకు జవాబు చెప్పుకొనే పద్ధతి వచ్చినది. ఐనను ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాడు, ఆస్తి ఉన్నవాడు, చదువు వచ్చినవాడు, ఇట్టి లెక్కలున్నాయి. దేశము మొత్తములో ఓటర్లు మూడు కోట్ల పైచిలుకు మాత్రమే. ఐతే వెనుకటికంటె ఇది అయిదారు రెట్లు. చిన్నరైతు మొదటిసారిగా ఓటరైనాడు. ఈ సంగతి జమీందార్లు సరిగా గమనించలేదని మా అభిప్రాయము.

మద్రాసు శాసనసభకు 215 స్థానములు. అందులో ముస్లిములకు, క్రైస్తవులకు, వర్తకులకు, స్త్రీలకు వేరువేరు స్థానములు పెట్టారు. భూస్వాములకు ఆరు, కార్మికులకు ఆరు. ఇది గుర్తుంచుకొనవలెను. బొబ్బిలి రాజావారి వంటి వారికి భూస్వాముల స్థానములున్నాయి. గిరిగారి వంటి వారికి కార్మికుల స్థానములున్నాయి. అటువంటి ఇద్దరూ సామాన్య రైతులు ఓటు వేయు స్థానములో ఎదురెదురుగా నిలుచుటలోనే ఈ కథ అంతా ఉన్నది.

ఇంకొక సంగతి మన ఒడిషా తెలుగువారికి మరీ దగ్గరిది. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమైనది. గంజాం జిల్లా రెండు ముక్కలైనది. బరంపురము ఒరిస్సాకు వచ్చినది. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము వైపు భాగము విశాఖపట్టణము జిల్లాలో కలిసినది. నిన్నటివరకు ఒకే జిల్లా కచేరీకి పోయినవారు, ఒకే కోర్టులో వ్యాజ్యము లాడుకొన్నవారు, తెల్లవారేసరికి రెండు రాష్ట్రముల వారైనారు. ఒడియావారికి అది ఎన్నో యేండ్ల కోరిక తీరిన రోజు. దానిని మేము తప్పు పట్టము; ఒడియా తల్లి ఉప్పు మా మూడు తరములు తిన్నాయి. కాని బరంపురము తెలుగువారి ఇండ్లలో ఆనాడు కలిగిన చిక్కు కూడ నిజమే. గిరిగారి పుట్టిన ఊరు ఒక రాష్ట్రములో, రాజకీయ రంగము మరొక రాష్ట్రములో పడినది. సరిహద్దు ఏర్పడిన పది నెలలకు, 1937 ఫిబ్రవరిలో, ఎన్నికలు వచ్చాయి. గిరిగారు సరిహద్దుకు ఆవల మద్రాసు రాజధానిలో నిలిచారు. కాంగ్రెసు వారిని బొబ్బిలికి పంపినది.

బొబ్బిలి పేరు తెలియని తెలుగువాడు లేడు. 1757 యుద్ధము, తాండ్ర పాపారాయుడు, కోటలో స్త్రీల ఆత్మాహుతి, ఇవన్నీ బుర్రకథలలో విని పెరిగినవారమే. ఆ సంస్థానమునకు అధిపతి రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు. 1901లో పుట్టారు. 1930లో జస్టిసు పార్టీలో చేరి రెండేండ్లలో దానికి నాయకులై, 1932 నవంబరులో మద్రాసు రాష్ట్రపు ప్రధానమంత్రి ఐనారు. ఆనాడు రాష్ట్రపు ముఖ్యమంత్రిని అట్లే అనేవారు. నడుమ 1936లో కొన్ని నెలలు తప్ప, ఎన్నికల రోజు వరకు ఆ పదవిలో ఉన్నది వారే. వయస్సు ముప్పదియారు మాత్రమే.

వారి పార్టీని కూడ ఒక్క మాటలో కొట్టివేయుట న్యాయము కాదు. 1916లో పుట్టిన జస్టిసు పార్టీ, బ్రాహ్మణేతరులకు ఉద్యోగములలో భాగము తెచ్చినది. మద్రాసులో స్త్రీలకు ఓటు వచ్చినది వారి కాలములోనే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసినది కూడ వారి పాలనలోనే. అప్పటి నాయకులు పానగల్లు రాజావారు, మన తెలుగువారే. ఐతే పార్టీలో రానురాను రాజులు, జమీందార్లు పైకి వచ్చారు. ఒకరినొకరు పడగొట్టుకొనుట మిక్కుటమైనది. బొబ్బిలివారు మునుస్వామి నాయుడుగారిని తొలగించి నాయకత్వము తీసుకొన్నది అట్టి తగవులోనే. బయట ఆర్థిక మాంద్యము వచ్చి ధాన్యము ధర పడిపోయినది. శిస్తు మాత్రము తగ్గలేదు. మంత్రుల జీతము నెలకు నాలుగువేల మూడువందల రూపాయల పైన. మా ముత్తాతగారి వంటివారు నెలంతా చాకిరి చేసి తెచ్చుకొనే జీతముతో దానిని పోల్చి చూచుకొన్నవారికి ఉపన్యాసములు అక్కరలేదు.

బొబ్బిలిలో రాజావారికి వ్యతిరేకముగా ఓటు వేయుట అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియుట కష్టము. భూమి దివాణముది. శిస్తు దివాణమునకు. చెరువు నీరు, అడవి కట్టె, పశువుల మేత, దేనికైనా దివాణపు ఉద్యోగి ఎదుట చేతులు కట్టుకొని నిలువవలసినదే. పైగా ఆయనే రాష్ట్రమునకు ప్రధానమంత్రి. ఎదుటివాడు జమీను లేని బారిష్టరు, జైలుపక్షి, రైలుకూలీల నాయకుడు. విజయనగరము నుండి రాయపూరు పోవు లైనులో బొబ్బిలి స్టేషను కూడ బి.ఎన్.ఆర్. వారిదే. కోట రాజావారిదైనా, కోట ముందునుండి పోవు రైలుపై పనిచేసేవారు గిరిగారి మనుషులు.

చదువురాని ఓటర్ల కొరకు ఆ యెన్నికలో రంగుపెట్టెలు పెట్టారు. కాంగ్రెసుకు పసుపుపచ్చ పెట్టె. మద్రాసులో సత్యమూర్తిగారు మొదలైన వారు గాంధీగారి పేరును, పసుపు పెట్టెను జోడించి ప్రచారము చేశారు. పసుపు మన ఇండ్లలో శుభమునకు గుర్తు కదా, ఆ రంగు ఎవరికి దొరికితే వారికి సగము గెలుపు వచ్చినట్లే. రైతు పొలములో ఏ మాట చెప్పినా, దివాణము ఎదుట ఎట్లు తల ఊపినా, తెరచాటుకు పోయి చీటి ఏ పెట్టెలో వేసినాడో ఎవరికీ తెలియదు. ఈ చిన్న తెర ఎంతటి బలమైనదో రాజావారి పక్షము లెక్క వేసుకొనలేదు.

ఫలితము వచ్చినది. బొబ్బిలిలో బొబ్బిలి రాజావారు ఓడిపోయారు, గిరిగారు గెలిచారు. రాష్ట్రమంతటా అదే గాలి. 215 స్థానములలో కాంగ్రెసుకు 159 వచ్చాయి. పదిహేడేండ్లలో ఎక్కువ భాగము మద్రాసును ఏలిన జస్టిసు పార్టీకి ఇరవైకి అటూ ఇటూ మాత్రమే మిగిలాయి.

గెలిచినవారు వెంటనే గద్దె ఎక్కలేదు. గవర్నరు తన ప్రత్యేకాధికారములను వాడనని మాట ఇస్తేగాని మంత్రి పదవులు తీసుకొనమని కాంగ్రెసు పట్టుబట్టినది. ఏప్రిలు నుండి జులై వరకు మద్రాసులో కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు తాత్కాలిక మంత్రివర్గము నడిపారు. ఒరిస్సాలో అదే పని పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిగారు చేశారు. జులైలో కాంగ్రెసు ఒప్పుకొన్నది. మద్రాసులో రాజాజీగారి మంత్రివర్గము ఏర్పడినది. గిరిగారు కార్మిక, పరిశ్రమల మంత్రి. ఒరిస్సాలో ప్రధానమంత్రి బిశ్వనాథ్ దాసుగారు. వారిది కూడ గంజామే. ఒక్క జిల్లాలో పుట్టిన ఇద్దరు ఒకే నెలలో రెండు రాష్ట్రములలో మంత్రులైనారు. జిల్లాను గీత గీచి విడదీయవచ్చును గాని ఇట్టి లెక్కలను విడదీయలేరు. కొత్త మంత్రులు అయిదువందల రూపాయల జీతము మాత్రమే తీసుకొన్నారు.

గెలుపుతో రైతుల కష్టము తీరలేదని కూడ వ్రాయవలెను. ఆ యేడే రైతులు ఇచ్ఛాపురము నుండి మద్రాసు వరకు కాలినడకన యాత్ర చేసి తమ మొరలు వినిపించుకొన్నారు. ప్రకాశం పంతులుగారు అధ్యక్షులుగా జమీందారీ విచారణ సంఘము కూర్చుని 1938లో నివేదిక ఇచ్చినది. చట్టము చేయకముందే యుద్ధము వచ్చినది. ప్రజలనడుగకుండ దేశమును యుద్ధములో దించినందుకు 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా ఇచ్చినది. గిరిగారు తరువాత ఒకసారి పదిహేను నెలలు, 1942 ఉద్యమములో మరల మూడేండ్లు జైలులో ఉన్నారు. సరస్వతీబాయిగారు పదునలుగురు పిల్లలతో ఆ యేండ్లు ఎట్లు గడిపారో ఏ జీవితచరిత్రలోనూ చాలినంత వ్రాయలేదని మా ఫిర్యాదు.

1946లో మరల ఎన్నికలు. ఈసారి ఎదుట రాజులు లేరు. జస్టిసు పార్టీ 1944లోనే ద్రావిడ కళగముగా మారి ఎన్నికలకు దూరమైనది. ఎదుట పక్షము లేనందున కాంగ్రెసులోనే పక్షములు లేచాయి. రాజాజీగారు నాయకులు కావాలని గాంధీగారి అభిమతము. శాసనసభ్యులు దానిని కాదని ప్రకాశం పంతులుగారిని ఎన్నుకొన్నారు. రాజాజీ వర్గము, కామరాజు వర్గము, ఆంధ్ర వర్గము, అందులో మరల చీలికలు. ప్రకాశంగారి మంత్రివర్గములో గిరిగారు తిరిగి కార్మికమంత్రి ఐనారు. ఆ మంత్రివర్గము యేడాది నిలువలేదు. 1947 మార్చిలో సొంత పార్టీవారే దానిని దింపి ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారిని ఎక్కించారు. స్వరాజ్యము ఇంకా అయిదు నెలలు ఉన్నది.

ఆ మంత్రివర్గపు కాలములో జరిగిన ఒక సంగతి వ్రాయకుండ దాటవేయవచ్చును. వేడుక సంచికలో ఎందుకని కూడ అనవచ్చును. కాని రైల్వేవాడై ఉండి అది దాచుట మాకు ఇష్టము లేదు. 1946 ఆగస్టు, సెప్టెంబరులలో దక్షిణ ఇండియా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ఢిల్లీలో నెహ్రూగారి మధ్యంతర ప్రభుత్వము ఏర్పడి మూడు రోజులైనది. సెప్టెంబరు 5వ తేదీన తిరుచిరాపల్లి వద్ద పొన్మలై రైల్వే కార్ఖానా దగ్గర మలబారు స్పెషలు పోలీసులు కాల్పులు జరిపారు. అయిదుగురు కార్మికులు చనిపోయారు. మద్రాసులో అప్పుడు కార్మికమంత్రి, ఖర్గపూరు సమ్మెను రాయి విసరకుండ నడిపిన గిరిగారు.

పోలీసుశాఖ వారిది కాదు, అది ప్రధానమంత్రి చేతిలో ఉండినది. రైల్వే రాష్ట్రప్రభుత్వముది కాదు. సమ్మె నడిపినది కమ్యూనిస్టుల నాయకత్వములోని యూనియను. వారికీ కాంగ్రెసుకూ అప్పటికే పొసగదు. ఇవన్నీ నిజములే. ఐనను మా తాతగారు, గార్డుగా రిటైరైనవారు, గిరిగారిని గూర్చి ఎంత గర్వముగా చెప్పినా పొన్మలై పేరు వచ్చేసరికి మాట ఆపి చుట్ట వెలిగించుకొనేవారు. మేము ఆయన మౌనమునకు మించి తీర్పు చెప్పజాలము. ఎదుటి పక్షములో నిలిచి పోరాడుట గిరిగారికి చాలా బాగుగా వచ్చును; పాలించు పక్షములో కూర్చున్నప్పుడు చేతులు ఎట్లు కట్టుబడునో ఆ సెప్టెంబరులో తెలిసి ఉండును. తరువాతి కాలములో వారు, యజమానులు కార్మికులు ముఖాముఖి కూర్చుని తేల్చుకొనవలెను గాని సర్కారు తీర్పులపై ఆధారపడరాదని గట్టిగా వాదించారు. దానికి గిరి విధానమని పేరు వచ్చినది.

మిగిలినది వేగముగా చెప్పి ముగిస్తాము. 1947 నుండి 1951 వరకు సింహళములో భారత హైకమిషనరు. 1952లో పాతపట్నము నుండి లోకసభకు గెలిచి నెహ్రూగారి కార్మికమంత్రి ఐనారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలమైన తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954 ఆగస్టులో పదవి వదలివేశారు. ఈ రాజీనామా బొబ్బిలి గెలుపుకంటె గొప్పదని మా ఉద్దేశము. 1957లో పార్వతీపురము నుండి నిలిచి ఓడిపోయారు. ఇద్దరు సభ్యుల స్థానమది; డిప్పల సూరిదొర అను గిరిజనుడు వారిని దాటిపోయినాడు. రాజును ఓడించిన బారిష్టరును కొండదొర ఓడించినాడన్న మాట. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినా సూరిదొరగారి గెలుపే నిలిచినది. పిమ్మట ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969లో నీలం సంజీవరెడ్డిగారిపై స్వతంత్రులుగా నిలిచి గెలిచి రాష్ట్రపతి ఐనారు. ఇద్దరూ తెలుగువారే, కాంగ్రెసు రెండుగా చీలినది కూడ ఆ యేడే. 1974 మే నెలలో రైల్వే సమ్మెను ప్రభుత్వము అణచివేసి వేలాది కార్మికులను జైళ్లలో పెట్టినప్పుడు రాష్ట్రపతి భవనములో ఉన్నది వారే. 1975లో భారతరత్న. 1980 జూను 24న మద్రాసులో కన్నుమూశారు. బొబ్బిలి రాజావారు వారికంటె రెండేండ్లు ముందు, 1978లో గతించారు. ఓటమి తరువాత వారు రాజ్యాంగ పరిషత్తులో సభ్యులుగా కూర్చున్నారు. జమీందారీలను రద్దు చేసిన దేశమునకు రాజ్యాంగము వ్రాసిన సభలో జమీందారుగారికి కూడ చోటుండినది.

ఈ ఉగాది సాయంకాలము పచ్చడి, పంచాంగ శ్రవణము అయిన పిమ్మట మన సంఘమునకు కొత్త కార్యవర్గపు ఎన్నిక ఉన్నదని కార్యదర్శిగారు నోటీసు అంటించారు. పెట్టెలు సిద్ధము చేయు పని ఈసారి మాకు అప్పగించారు. రెండు జట్లవారూ వేరువేరుగా మా క్వార్టరుకు వచ్చి, తమ పెట్టెకు పసుపురంగు వేయించమని అడిగిపోయారు. మేము రెండింటికీ రైల్వే వారి ఎర్రరంగే వేయించి, పైన నెంబర్లు వ్రాయించినాము.